మళ్ళీ కట్టుకున్న ఇంట్లో మోతీ, చిట్టి



ఊళ్ళో ఎవరి ఇల్లయినా కాలిపోతే చుట్టుపక్కలవాళ్ళు పరిగెత్తుకొచ్చి అడిగే మొదటి మాట, "మనుషులందరూ బాగానే ఉన్నారు కదా?" అని. రెండో మాట గొడ్ల గురించి. ఆ తర్వాత బంగారం, పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు. మర్నాడు రెవెన్యూ వాళ్ళు వచ్చి పంచనామా రాసేటప్పుడు కూడా ఇంచుమించు అదే వరస. విపత్తు సహాయ నిధి కింద 2022 నుంచి 2026 వరకు అమలుకని కేంద్రం ఖరారు చేసిన పట్టికలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకి 8,000. కుటుంబానికి బట్టల కింద 2,500, వంటసామాను కింద మరో 2,500. పాడిగేదె పోతే 37,500, దుక్కిటెద్దు పోతే 32,000, మేక పోతే 4,000, కోడికి 100 రూపాయలు. ఆ పట్టికలో కుక్క లేదు.

కుక్కకి వెల కట్టమని నేను అడగను. నా బాధ వేరు. లెక్కలోకి రాని ప్రాణం గురించి ఎవరూ ఆలోచించరు. ఇల్లు కాలిన కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలి, ఏం తినాలి, కొత్త ఇల్లు ఎలా వేసుకోవాలి అని పదిమంది కూర్చుని మాట్లాడేచోట కుక్కల ఊసే రాదు. ఎవరైనా ఎత్తినా, "వాటిదేముందమ్మా, అవే బతుకుతాయి" అని సరిపెట్టేస్తారు. ఇంట్లో పెరిగిన కుక్క అలా బతకదు. మొదటిరోజు నుంచీ దాన్ని ఇంటి మనుషుల్లో కలిపి లెక్కపెట్టుకోవాలి. మేం ఆ పని చేశాం కాబట్టే మా కుక్కలు నిలబడ్డాయి. మేమూ నిలబడ్డాం.

మాది కొల్లేటి అంచున, కైకలూరు వైపు ఒక పల్లె. చేపల చెరువులు, వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు. ముందు పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని వెనక తాటాకు వంటపాక, పక్కన గేదెల సావిడి. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్తయ్యగారు, రెండు కుక్కలు. మోతీ వీధిలో పుట్టి మా గుమ్మంలోకొచ్చి ఉండిపోయిన తెల్లకుక్క. రెండోది చిట్టి, జోనంగి జాతిది. తీరప్రాంతంలో, ముఖ్యంగా మా కొల్లేటి వైపు, బాతుల మందలు తోలేవాళ్ళ దగ్గర ఈ కుక్కలుండేవి. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, నిక్కబొడుచుకున్న చెవులు, సన్నటి నడుము. అన్ని కుక్కల్లాగా మొరగదు, గొంతు సాగదీసి ఒకరకమైన కూత కూస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకోవడం దాని పుట్టుబుద్ధి. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక ఈ కుక్కలతో జనానికి పనిలేకపోయింది. మంచి జోనంగి ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. చిట్టిని మా మరిది ఒక బాతులాయన దగ్గర నుంచి కూనగా ఉన్నప్పుడే తెచ్చిచ్చాడు.

ఆ రోజు వైశాఖం ఎండ. దాళ్వా కోతలయిపోయి చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. మధ్యాహ్నం వడగాలికి ఎక్కణ్ణుంచో నిప్పురవ్వ ఎగిరొచ్చి గడ్డిమేటు మీద పడింది. మేటు నుంచి వంటపాక చూరుకి, చూరు నుంచి పెంకుల కింద వాసాలకి. తాటాకు అంటుకుంటే ఇక చెయ్యగలిగింది చాలా తక్కువ. గేదెల పలుపులు కొడవలితో కోసి తోలేశాం. అత్తయ్యగారిని పక్కింటివాళ్ళు మోసుకుపోయారు. ఫైరింజను వచ్చేసరికి నడిమి దూలం కూలింది.

నిప్పు చూస్తే ఏ జంతువైనా పారిపోతుందనుకుంటాం. ఇంటికి అలవాటుపడ్డ కుక్క చాలాసార్లు పారిపోదు. ఉరుములకీ టపాకాయలకీ భయపడి రోజూ ఏ మూలకి చేరుతుందో, పొగలోనూ ఆ మూలకే చేరుతుంది. మనం బయట నిలబడి గొంతు చించుకున్నా రాదు. ఇది అగ్నిమాపక సిబ్బంది అందరికీ తెలిసిన సంగతే. మోతీ ఏ కాస్త ఉరిమినా దొడ్డిగుమ్మం పక్కనున్న ఇనప మంచం కిందికి దూరేది. ఆ రోజూ అక్కడే ఉంది. మంచం గుమ్మానికి చేరువలో ఉండబట్టి పక్కింటి కుర్రాడు బయట నుంచే చెయ్యి చాపి మెడపట్టీ పట్టుకుని లాగేశాడు. అదే మంచం నడింట్లో ఉండుంటే దక్కేది కాదు. అందుకే వింటున్నవాళ్ళకి నా మనవి. మీ కుక్క భయమేసినప్పుడు ఎక్కడ దాక్కుంటుందో ఇప్పుడే గమనించి పెట్టుకోండి. మండుతున్న ఇంట్లోకి మీరు మళ్ళీ వెళ్ళకండి. 101కి ఫోన్ చేసినప్పుడు గానీ, ఫైరింజను రాగానే గానీ, "లోపల కుక్క ఉంది, ఫలానా గదిలో ఫలానా మూల ఉంటుంది" అని చెప్పండి. ముసుగులు వేసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలా పనికొస్తుంది.

మోతీ ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటీ కనబడలేదు. మసి, కళ్ళ వెంట నీళ్ళు, అంతే. కానీ పొగ చేసే చెడుపు పైకి కనబడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు, నెత్తురులో ఆక్సిజన్ ఉండాల్సిన చోటుని ఆక్రమించుకుంటుంది. అది హీమోగ్లోబిన్‌ని పట్టుకునే పట్టు ఆక్సిజన్ పట్టుకి 200 రెట్ల పైమాట. కుక్క ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. దానికి తోడు వేడికీ మసికీ ఊపిరితిత్తులు వాచి నీరు చేరడం అప్పటికప్పుడు తెలియదు. ఒక రోజు గడిచాకో రెండు రోజులకో ఆయాసం మొదలవుతుంది. బాగానే తిరుగుతోంది కదా అని వదిలేసిన కుక్క మర్నాడు కూలబడేది అందుకే.

1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వచ్చింది. గేదెలకి చూడటం అయ్యాక డాక్టరమ్మగారు మోతీ దగ్గర కూర్చుని, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూపించారు. మామూలుగా లేత గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు ఎర్రగా కందినట్టున్నాయి. "ఎరుపు చూసి ఆరోగ్యమనుకోకండమ్మా, ఈ పొగ తగిలితే చిగుళ్ళు ఇలా ఎర్రబడతాయి. నీలంగా గానీ తెల్లగా గానీ మారితే మాత్రం ఒక్క క్షణం ఆగకండి" అన్నారు. తర్వాత నా అరచెయ్యి దాని డొక్క మీద పెట్టించి, గడియారం చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టడం నేర్పారు. ప్రశాంతంగా పడుకున్న కుక్క నిమిషానికి 30 కన్నా తక్కువసార్లు ఊపిరి తీసుకోవాలి. అంతకు మించి పెరుగుతూ పోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ రాత్రంతా మా ఆయన, నేను వంతులేసుకుని దాని డొక్క మీద చెయ్యేసి లెక్కపెట్టాం. కాలిపోయిన ఇంటి గురించి ఏడవడానికి మాకు తీరిక లేకపోయింది.

చిట్టి మంటలు చూడగానే పరుగందుకుని చెరువుగట్ల వైపు పోయింది. మర్నాడు సాయంత్రం తనంతట తనే వచ్చి, ఎవరి మాటా వినకుండా తిన్నగా బూడిదలోకి నడిచింది. పైన చల్లారినట్టు కనబడినా అడుగున నివురుగప్పిన నిప్పుంది. నాలుగు పాదాలూ బొబ్బలెక్కాయి. ఊళ్ళో తలో మందూ చెప్పారు. సిరా అని ఒకరు, టూత్‌పేస్టు అని ఒకరు, పసుపూ కొబ్బరినూనే అని ఒకరు. అవేవీ రాయకూడదు. వెంటనే చల్లటి మామూలు నీళ్ళు ధారగా పోస్తూ ఉండాలి. ఐసు పెట్టకూడదు, బొబ్బ చిదపకూడదు. శుభ్రమైన నూలుగుడ్డ కప్పి డాక్టరుకి చూపించాలి. నొప్పికి మనం వేసుకునే మాత్రలు అసలు వెయ్యకూడదు. ఐబుప్రొఫెన్ కుక్కలకి విషం. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బొచ్చు కమిలిన చోట్లు కూడా రోజూ తడిమి చూసుకోవాలి. కింద చర్మం కాలిన సంగతి కొన్నాళ్ళు పోయాక, తోలు గట్టిపడి బొచ్చు ఊడినప్పుడు గానీ బయటపడదు. చిట్టి పాదాలకి డాక్టరమ్మగారిచ్చిన పూతమందు రాసి, ఎవరో ఇచ్చిన పాత నూలు చీర పేలికలు చుట్టి, అది నాకకుండా పక్కన కాపలా కూర్చునేవాళ్ళం.

బూడిద గురించి ఇంకొక్క మాట. కర్ర బూడిద తడిస్తే క్షారమవుతుంది, చర్మాన్ని తినేస్తుంది. కాలిన ఇంట్లో వైర్లు, రంగుల డబ్బాలు, బ్యాటరీలు, రేకులు అన్నీ ఆ బూడిదలోనే ఉంటాయి. కుక్క అందులో తిరిగి పాదాలు నాక్కుంటే అదంతా కడుపులోకి పోతుంది. ఎంత ఏడ్చినా కొన్నాళ్ళు కట్టేసి ఉంచాలి, తిరిగొచ్చిన ప్రతిసారీ పాదాలు కడగాలి. అలాగే తిండి. ఇల్లు కాలిన వాళ్ళకి ఊరంతా అన్నం పెడుతుంది, మిగిలింది కుక్కలకేస్తారు. మన కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేనిది ఉండదు. అవి కుక్క నెత్తురులోని ఎర్రకణాలని దెబ్బతీస్తాయి. పొగ తాగిన కుక్కకి అసలే నెత్తురులో ప్రాణవాయువు కరువు. పెరుగన్నమో, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చేపో వేస్తే చాలు.

ఇక ఎక్కడుండాలి? బడిలో ఒక గది ఇస్తామన్నారు, కుక్కలు వద్దన్నారు. బంధువులు రమ్మన్నారు, కుక్కల్ని ఎక్కడైనా వదిలేసి రమ్మన్నారు. అద్దె ఇళ్ళవాళ్ళూ అదే మాట. పట్నాల్లో అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది గానీ, పల్లెలో ఒక వాటా అద్దెకిచ్చే ఆసామి మనసు మీద ఏ మార్గదర్శకమూ పనిచెయ్యదు. కష్టంలో ఉన్నవాళ్ళని కుక్కల్ని వదిలెయ్యమనడం ఎంత తేలికో, ఆ మాట వినడం అంత కష్టం. వాళ్ళు మంచిమనసుతోనే చెబుతారు. ఇల్లు పోయిన మనిషికి మిగిలిన నాలుగు ప్రాణాల్లో రెంటిని వదిలించుకోమంటున్నామని వాళ్ళకి తట్టదు.

అమెరికాలో ఒక చట్టం ఇలాంటి అనుభవం నుంచే పుట్టింది. 2005లో కత్రినా తుపానప్పుడు, పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఎంతోమంది ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ప్రాణాలు కూడా పోయాయి. మరుసటి ఏడాది, 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులున్న కుటుంబాల అవసరాలని కూడా చేర్చాలని అక్కడ చట్టం చేశారు. మనిషి ప్రాణం కాపాడాలంటే అతను వదలలేని ప్రాణాన్ని కూడా కాపాడాలని వాళ్ళకి అర్థమైంది. మన తుపాను షెల్టర్లలో, మన బడుల్లో, ఒక మూల నాలుగు గుంజలు పాతి కట్టేసుకోనిస్తే దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మేం మా స్థలంలోనే ఉన్నాం. సావిడి ఒక పక్క మిగిలింది. దానికి బరకం కట్టి, కింద గడ్డి పరిచి, మనుషులమూ కుక్కలూ ఒకే నీడన పడుకున్నాం.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. అగ్నిమాపక శాఖ ఇచ్చే ధ్రువపత్రం, పంచనామా నకలు చేతిలో ఉంటే మిగతావన్నీ ఒక్కొక్కటిగా తెచ్చుకోవచ్చు. కాలిపోయి పట్టుకుంటే పొడయ్యే నోట్లని పారెయ్యకండి, చిన్న డబ్బాలో కదలకుండా పెట్టి రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుకి తీసుకెళ్ళాలి, అక్కడ పరిశీలించి నిబంధన ప్రకారం మార్చిస్తారు. ఇంటికి బీమా ఉందా అని అందరూ అడిగారు. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీని బీమా కంపెనీలన్నీ ఒకే తీరు షరతులతో ఇస్తున్నాయి. కొత్త ఇంటికి తీసుకున్నాం. కుక్కల టీకా పుస్తకాలు కాలిపోతే దిగులు పడక్కర్లేదు, రేబిస్ టీకా మళ్ళీ వేయించి కొత్త పుస్తకం రాయించుకోవచ్చు. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గాయాలు మానాయి, భయం మానలేదు.

అగ్గిపుల్ల గీస్తే మోతీ వణికేది. పొయ్యి వెలిగిస్తే తాడు తెంపుకోబోయేది. సంధ్యవేళ అత్తయ్యగారు అగరొత్తి వెలిగించినా సావిడి చివరికి పోయి ముఖం గోడకి పెట్టుకుని నిలబడేది. కుక్క ఇంటిని ముక్కుతో గుర్తుపడుతుంది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్ల పైనే ఉంటాయంటారు. పడకగా వేసిన గోనెపట్టా, వంటపాకలో మజ్జిగ కుండ, మా ఆయన చొక్కా, అత్తయ్యగారి వక్కపొడి, ఇన్ని వాసనలు కలిస్తేనే వాటికి ఇల్లు. అవన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోయి, వాటి స్థానంలో కాలిన వాసన ఒక్కటే మిగిలింది. మన ముక్కుకి రెండు వానలు పడేసరికి ఆ వాసన పోయింది. వాటికి పోలేదు.

2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు దావానలంలో దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. అక్కడ మ్యాడిసన్ అనే కాపలా కుక్క తప్పించుకుని, ఇల్లున్న చోట ఇంచుమించు నెల రోజులు కాపు కాసింది. దాని యజమానురాలికి అప్పటికింకా ఊళ్ళోకి అనుమతి లేదు. జంతువుల్ని కాపాడే ఒక కార్యకర్త వచ్చిపోతూ తిండీ నీళ్ళూ పెడుతూ, యజమానురాలి వాసన ఉన్న బట్ట ఒకటి తెచ్చి అక్కడ ఉంచింది. ఆవిడ తిరిగొచ్చేసరికి కుక్క అక్కడే ఉంది. ఆ బట్ట ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఇల్లు మొత్తం పోయినా, ఒక్క వాసన మిగిలుంటే దాన్ని పట్టుకుని కుక్క నిలబడుతుంది.

మేమూ ఆ దారే పట్టాం. సావిట్లో మిగిలిన గోనెపట్టాలు ఉతక్కుండా అలాగే వాటి కింద పరిచాం. మా ఆయన కట్టి విడిచిన లుంగీ మోతీ పక్కన వేసేవాళ్ళం. తిండి వేళ మారకుండా చూశాం. ఉదయం పాలు పితికాక, సాయంత్రం దీపం పెట్టకముందు. డాక్టరమ్మగారి సలహాతో, చాలా దూరంగా అగ్గిపుల్ల గీసి ఆర్పేసి, ఇవతల మోతీకి చేపముక్క పెట్టేవాళ్ళం. అది తిన్నన్నాళ్ళూ అదే దూరం. ముక్క ముట్టకపోతే మరో నాలుగడుగులు వెనక్కి. తిట్టినా, బలవంతంగా పొయ్యి దగ్గరికి లాగినా భయం ముదురుతుంది. నెలలు పట్టింది. భోగిమంటలకి మాత్రం ఇప్పటికీ రెంటినీ చెరువు మీద కాపలా గదికి తీసుకుపోతాం. దీపావళికీ అంతే.

అత్తయ్యగారి సంగతి చెప్పాలి. ఆవిడ మడీ ఆచారం మనిషి. కుక్క వసారా దాటి గడపలోకి రావడానికి వీల్లేదు. ఇల్లు కాలాక ఆవిడ మాట్లాడటం మానేశారు. పెట్టింది తినేవారు కాదు. ఒకరోజు నేను పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. చూస్తే ఆవిడ లేచి, అన్నంలో పెరుగు కలిపి, చిట్టి ముందు కూర్చుని చేత్తో ముద్దలు పెడుతున్నారు. కట్లు కట్టిన పాదాలతో అది లేవలేకపోతోంది. "వేళయిందే అమ్మాయ్, నువ్వు రాలేదని పస్తు పెట్టమంటావా?" అన్నారు నాతో. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. అప్పటి నుంచి వాటి తిండి ఆవిడ చేతి మీదుగానే. వాటికి పెట్టాక తనూ తినేవారు.

ఇల్లు మొదలుపెట్టాం. తాటాకు వద్దనుకున్నాం. పిల్లర్లు, స్లాబు. పని జరిగే చోట కుక్కలుంటే వేరే జాగ్రత్తలుంటాయి. తడి సిమెంటు కూడా క్షారమే, పాదాల్ని కాలుస్తుంది. క్యూరింగుకి పట్టిన గాబులో నీళ్ళు తాగనివ్వకూడదు. సెంట్రింగు చెక్కల మేకులు ఎక్కడపడితే అక్కడుంటాయి. పని వేళల్లో వేపచెట్టు కింద కట్టేసి, మేస్త్రీ వెళ్ళిపోయాక మేకులేరి వదిలేవాళ్ళం. అప్పుడు చిట్టి గోడ పునాదుల చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగేది. గోడ లేచిన కొద్దీ అదీ కొత్త ఇంటిని చదువుకుంటోందని నాకు అనిపించేది.

తాపీ మేస్త్రీతో నాకు ఒక్క విషయంలోనే పేచీ వచ్చింది. "ముందంతా సిమెంటు చేసేద్దామమ్మా, దుమ్ము రాదు, బురద ఉండదు" అన్నాడు. చిట్టి గొయ్యి తవ్వుకునే జాతిది, దాని చోటు దానికి ఉండాలన్నాను. "కుక్క కోసం వాకిలి వదిలేస్తారా?" అని కాసేపు నిలబడి చూశాడు. తర్వాత తనే పలుగుతో గీత గీసి, వేపచెట్టు మొదలు నుంచి ప్రహరీ దాకా మట్టినేల వదిలి, వాననీళ్ళు అటు పోకుండా మెరక వేసి ఇచ్చాడు. లోపల నున్నటి టైల్సు వద్దని నాపరాయి వేయించాం. ముసలి కుక్కకి నున్నటి నేల మీద వెనకకాళ్ళు జారతాయి, నడుము పడిపోతుంది. మోతీకి అప్పటికే వయసు మీద పడింది. గోడలకి ఘాటైన రంగులు కాకుండా సున్నం కొట్టించాం. ముందు అరుగు పెట్టించాం. దొడ్డిగుమ్మం బయటికి తెరుచుకునేలా, లోపల నుంచి ఒక్క గడియతో వచ్చేలా వేయించాం. ఆ గుమ్మం పక్కనే వాటి పడక. అది మాత్రం నేను పట్టుబట్టి చేయించాను, మోతీని కాపాడింది ఆ చోటే. కరెంటు లీకయితే దానంతటదే పడిపోయే ట్రిప్ స్విచ్చి పెట్టించాం. గడ్డిమేటు ఇంటికి దూరంగా, చెరువు వైపు వేశాం.

గృహప్రవేశం నాడు ఆవు దూడతో సహా లోపలికి నడిచింది. చుట్టాలందరూ నడిచారు. కుక్కలు రాలేదు. సున్నం, సిమెంటు, కొత్త తలుపుల వార్నీషు, దాంట్లో వాటికి తెలిసిన వాసన ఒక్కటీ లేదు. గేటు దగ్గరే ఆగి, మేం పిలిస్తే తోక ఊపి, మళ్ళీ సావిట్లోకి పోయి పడుకున్నాయి. మేం తొందరపెట్టలేదు. ఆ రాత్రి మా ఆయన వాటితో సావిట్లోనే పడుకున్నారు. సావిట్లోని గోనెపట్టాలు తెచ్చి దొడ్డిగుమ్మం దగ్గర పరిచాం. వాకిట్లో రోజూ పేడనీళ్ళ కళ్ళాపి చల్లాం. అన్నం గిన్నె మొదట గేటు దగ్గర, తర్వాత అరుగు మెట్టు మీద, ఆ తర్వాత అరుగు మీద పెట్టాం. చిట్టి ముందు వేపచెట్టు కింద గొయ్యి తవ్వుకుంది. మట్టి తన ఒంటి వాసన పట్టాక, అక్కణ్ణుంచి అరుగెక్కింది. మోతీ అన్నిటికన్నా ఆలస్యం. వంటింట్లో పొయ్యి మీద పాలు కాగుతుండగా అది లోపలికి వచ్చిన రోజున, కుక్క గడప దాటకూడదన్న అత్తయ్యగారే, "కదపకండి, కదపకండి, దాన్ని రానివ్వండి" అని మా అందరి నోళ్ళూ మూయించారు.

ఈ వేసవికి మా వీధిలో అందరం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏ ఇంట్లో ఎన్ని గొడ్లు, ఎన్ని కుక్కలు, ఎన్ని పిల్లులు, అవి ఎక్కడ కట్టేసి ఉంటాయి, ఎక్కడ దాక్కుంటాయి, యజమాని ఇంట్లో లేకపోతే వాటిని ఎవరు విప్పాలి అన్నది ఇంటింటికీ రాసుకున్నాం. ఒక నకలు రామాలయం గోడకి అంటించాం, ఒకటి పంచాయతీకి ఇచ్చాం. గడ్డిమేట్లన్నీ ఇళ్ళకి దూరం జరిపాం. పలుపు కోసే కొడవలి ప్రతి సావిడి గుంజకీ వేలాడుతోంది. గాలి తోలే మధ్యాహ్నాల్లో చేలకి నిప్పు పెట్టవద్దని పొలాలవాళ్ళతో మాట్లాడుతున్నాం. ఇద్దరు ముగ్గురు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.